ఏడో పసుపు మచ్చ

పాత పుస్తకాలను పరీక్షించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు, మేడమ్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటని. చేసిన తప్పు ఏమిటని ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర బందరు పుస్తకం ఉంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను సంతకం పెట్టి వెనక్కి తీసుకున్న రిపోర్టు అదొక్కటే. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని గుడివాడ వెళ్లి, నా ఎదురుగా కూర్చుని కాఫీ ఇచ్చిన మనిషికి, మీరు మూడేళ్ల వయసులోనే చనిపోయారని చెప్పి వచ్చాను.

అప్పటికి నా రిటైర్‌మెంటుకి పది నెలలుంది. నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ లేబొరేటరీలో కెమిస్టుని. తాళపత్రం, కాగితం, బట్ట, ఏదొచ్చినా దాని మీద సిరా ఏమిటి, రంగు ఏమిటి, జిగురు ఏమిటి అని తేల్చడం మా పని. ఒకరోజు మా డైరెక్టరు గారు పిలిచి బందరు నుంచి వచ్చిన ఉత్తరం చూపించారు. చిలకలపూడి వెళ్లే దారిలో ఒక పాత డాబా పడగొడుతుంటే అటక మీద ఇనప్పెట్టె దొరికిందట. కూలీలు మూత తీసి చూశారు. పెట్టె నిండా పళ్లు. చిగుళ్లతో సహా తెల్లటి దవడలు, వరసగా, నోళ్లు తెరుచుకుని. పలుగులు అక్కడే పడేసి దిగిపోయారు. మళ్లీ ఆ ఇంటికి పనికి రాలేదు.

అవి ప్లాస్టర్ అచ్చులు. ఆ డాబాలో ఒకప్పుడు చైనా పళ్ల డాక్టరు ఉండేవాడు. కట్టుడు పళ్లు చెయ్యడానికి ముందు దవడ అచ్చు తీసుకుంటారు కదా, అవన్నీ దాచిపెట్టాడు. బందరులో డెబ్బై దాటినవాళ్లకి ఆయన బాగా తెలుసు. చైనాతో యుద్ధం వచ్చిన రోజుల్లో ఆ కుటుంబాన్ని ఊరి నుంచి పంపించేశారు. పెట్టె అటక మీదే ఉండిపోయింది. దవడల అడుగున ఒక పుస్తకం, నల్లదారంతో కుట్టిన చైనా పుస్తకం. అదేమిటో తేల్చమని మాకు రాశారు. నాది మొవ్వ. సొంత జిల్లాలో మూడు వారాల క్యాంపు అంటే ఎవరు కాదంటారు? నేనే వెళ్తానన్నాను.

నాతో మా ఫొటోగ్రాఫరు గారు వచ్చారు. నాకన్నా ఏడాది ముందే రిటైరై, కాంట్రాక్టు మీద కొనసాగుతున్న మనిషి. ఆయనది చిలకలపూడే. తాత, తండ్రి రోల్డుగోల్డు నగలకి పూత వేసినవాళ్లు. ఏది మెరిసినా దగ్గరికి తీసుకుని, ముక్కుకి ఆనించుకున్నంతగా చూడటం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మా చేతిలో ఉండే ఎక్స్‌రే పరికరం తుపాకీ ఆకారంలో ఉంటుంది. నగల షాపుల్లో బంగారం మచ్చు చూసే మెషిన్ కూడా అదే. దాన్ని చూసినప్పుడల్లా ఆయన, ఇది మా తాత కాలంలో ఉంటే మా కుటుంబం ఎప్పుడో జైల్లో ఉండేదండీ అనేవారు.

బందరు మ్యూజియం వెనక గదిలో మాకు చోటిచ్చారు. ఒక బల్ల మీద పుస్తకం, ఇంకో బల్ల మీద నూట ముప్పై చిల్లర దవడలు. మొదటి రెండు రోజులూ వాటికి వీపు పెట్టి కూర్చున్నాను. వీపు పెడితే ఇంకా ఇబ్బందిగా ఉందని మూడోరోజు బల్ల తిప్పించుకున్నాను. పేపర్లో వార్త చూసి చల్లపల్లి నుంచి ఒక పెద్ద రైతు వచ్చారు. మా నాన్న ఇక్కడే పళ్లు కట్టించుకున్నారండీ అంటూ, ఒక్కొక్క దవడే చేతిలోకి తీసుకుని చూశారు. ఒకదాని దగ్గర ఆగిపోయారు. ముందు పన్ను కింద చిన్న ఎత్తుంది. దాన్ని బొటనవేలితో నిమిరి, ఇదేనండీ, మమ్మల్ని తిట్టేటప్పుడు ఇదే కనపడేది అన్నారు. ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవన్నాను. ఆయన అడగలేదు కూడా. కాసేపు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని వెళ్లిపోయారు.

ఆ దవడల్లో ఒకటి మరీ చిన్నది. నా అరచేతిలో సగం లేదు. అందులో పది పాలపళ్లున్నాయి. పాలపళ్ల పిల్లలకి కట్టుడు పళ్లు ఎవరు కడతారు? ఫొటోగ్రాఫరు గారు దాన్ని రెండుసార్లు ఫొటో తీసి, మూడోసారి తియ్యనన్నారు.

ఇక పుస్తకం. ఢిల్లీలో చైనా భాష చెప్పే ఒక ప్రొఫెసరుగారికి పేజీల ఫొటోలు పంపాను. ఆవిడ అది వంశావళి అని చెప్పారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు, పుట్టిన రోజు, చనిపోయిన రోజు. ముందు పేజీలు చైనాలో ముత్తాతలు రాసినవి. చివరి పేజీలు బందరులో రాసినవి. పుస్తకం మొత్తంలో ఏడుచోట్ల పసుపు మచ్చలున్నాయి. పూర్వం చైనాలో కాగితానికి పురుగు పట్టకుండా పసుపు రంగు వేసేవారు. రాతలో తప్పు పడితే కొట్టివెయ్యరు. అదే పసుపులో కలిసిపోయేట్టు హరిదళం నూరి, జిగురు కలిపి, తప్పు మీద పూసేస్తారు. ఆరాక దాని మీదే సరైన అక్షరం రాస్తారు. హరిదళం అంటే మన ఆయుర్వేదం వాళ్లకీ, బొమ్మలకి రంగులేసేవాళ్లకీ తెలిసిన రాయే. పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉన్న రాయి. తప్పుని విషంతో కప్పడం అనే ఆలోచన నాకు మొదటినుంచీ కాస్త భయంగానే ఉండేది.

రెండో వారం పూర్తయ్యేసరికి గుడివాడ నుంచి ఒకావిడ వచ్చారు. రిటైరైన నర్సు. అరవై దాటాయి. తెల్ల చీర, చేతిలో బైబిలు సైజు సంచి. గదిలోకి అడుగుపెట్టగానే దవడలున్న బల్ల వైపు చూసి నిలబడిపోయారు. భయపడ్డారేమో అనుకుని మంచినీళ్లు ఇవ్వబోయాను. ఆవిడ నవ్వుతున్నారు.

"ఇవి నాకు తెలుసండీ. నాకు గుర్తున్న మొదటి సంగతి ఇవే. గోడ నిండా నవ్వులు."

ఆవిడ కథ ఆరోజే చెప్పారు. చైనా డాక్టరు కుటుంబం వెళ్లిపోయిన రోజున ఆవిడకి ఆరేళ్లుంటాయి. స్టేషన్లో ఎందుకో ఈవిడ ఒక్కతే ఉండిపోయింది. బందరు ఆస్పత్రిలో పనిచేసే ఒక క్రైస్తవ నర్సు ఇంటికి తీసుకెళ్లి, తన పేరిచ్చి పెంచింది. స్కూల్లో, ట్రెయినింగులో, వార్డులో, అందరూ చైనా అమ్మాయి అనేవారట. కళ్లు చూస్తేనే తెలిసిపోతుంది అనేవారట. నిజమే, నాకూ ఆ కళ్లలో చైనా కనపడింది.

ఆవిడ వచ్చింది ఎందుకంటే, ఆ కుటుంబంలో పెద్దకొడుకు కలకత్తాలో బతికే ఉన్నాడని మా ప్రొఫెసరుగారు అక్కడి చైనావాళ్ల ద్వారా కనుక్కున్నారు. అది పేపర్లో చూసి నర్సమ్మ గారు ఆయనకి ఉత్తరం రాశారు, నేను మీ చెల్లెల్నని. నాలుగు ముక్కల్లో జవాబొచ్చింది. మాకు ఉన్నది ఒకే చెల్లెలు. బందరులో మూడేళ్ల వయసులో చనిపోయింది. దయచేసి మళ్లీ రాయవద్దు.

పుస్తకం చివరి పేజీలో ఆ ఇంటి ఆడపిల్ల పేరుంది. పుట్టిన రోజుంది. చనిపోయిన రోజు రాయాల్సిన చోట ఏడో పసుపు మచ్చ ఉంది. మచ్చ మీద ఏమీ లేదు.

"దాని కింద ఏముందో చూసి చెప్పండి. అక్కడ చావు లేకపోతే నేను ఆయనకి మళ్లీ రాస్తాను. ఉంటే మానేస్తాను" అన్నారు నర్సమ్మ గారు.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. శ్రద్ధగా వినండి.

ఏడు మచ్చలుంటే ఏడూ పరీక్షించాలి. నేను ముందు పేజీల్లో మూడింటి మీద ఎక్స్‌రే పరికరం పెట్టాను. మూడింట్లోనూ పాషాణం, గంధకం. హరిదళమే. పరికరం బ్యాటరీ అయిపోవచ్చింది. బందరు ఉప్పుగాలికి అది అప్పటికే రెండుసార్లు మొరాయించింది. మూడూ ఒకటే అయినప్పుడు మిగతావి మాత్రం వేరే ఎందుకవుతాయి అనుకున్నాను. ఏడు సవరణలూ హరిదళంతో చేసినవే అని రాసేశాను. అతినీలలోహిత కిరణాల దీపం కింద కూడా పెట్టి చూడాలి, అది మా పద్ధతిలో మొదటి మెట్టు. దాని బల్బు పోయి ఉంది. హైదరాబాదు నుంచి తెప్పించాలి. హరిదళమని తేలిపోయాక ఇంకా ఎందుకు అనుకున్నాను. ఇన్ని సంవత్సరాలు ఎవరికి ఏది మానకూడదని పాఠాలు చెప్పానో అది నేనే మానేశాను.

పరారుణ కెమెరా మాత్రం ఉంది. ఆ కెమెరాకి పసుపు కనపడదు. పెన్ను సిరా కనపడదు. దీపం మసితో చేసిన పాత సిరా ఒక్కటే నల్లగా నిలబడుతుంది. ఫొటోగ్రాఫరు గారు ఏడో మచ్చ ఫొటో తీసి కంప్యూటర్ మీద పెట్టారు. తెర మీద పసుపు అద్దంలా అయిపోయింది. దాని కింద తొమ్మిది అక్షరాలు పైకి తేలాయి, నీళ్ల అడుగునుంచి ఏదో పైకొచ్చినట్టు. ప్రొఫెసరుగారు ఫోన్లో ఒక్కొక్కటే చదివారు. ఫలానా నెల, ఫలానా రోజు, జ్వరం, మూడేళ్లు, చనిపోయింది.

మర్నాడు గుడివాడ వెళ్లాను. ఫోన్లో చెప్పే విషయం కాదనిపించింది. నర్సమ్మ గారు ఒక్కరే ఉంటారు, చిన్న ఇల్లు, శుభ్రంగా ఉంది. కాఫీ ఇచ్చారు. నేను ఫొటో చూపించి, అక్షరాల అర్థం చెప్పాను. ఆ పిల్ల చనిపోయినట్టు రాసి ఉందండీ, తర్వాత దుఃఖం కొద్దీ పూసేసి ఉంటారు, పెద్దాయన చెప్పింది నిజమే అన్నాను. రిపోర్టు కాపీ బల్ల మీద పెట్టాను.

ఆవిడ ఏడవలేదు. తన ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. సెకన్ల ముల్లుతో నాడి లెక్క పెడుతున్నారని నాకు అర్థమయ్యేసరికి ఆ నిమిషం అయిపోయింది.

"డెబ్బై ఆరు" అన్నారు. "బాగానే ఉంది."

తర్వాత లోపలికెళ్లి ఒక కవరు తెచ్చి చూపించారు. సర్వీసు రిజిస్టరు కాపీ. అందులో పుట్టిన తేదీ పెంచిన తల్లి చైనా డాక్టరు భార్యని అడిగి రాసుకున్నది. పుస్తకంలో పిల్ల పుట్టిన తేదీ, అదీ ఒకటే. ఆ రోజున ప్రతి ఏడూ చర్చిలో నాకోసం ప్రార్థన చేస్తారండీ అన్నారు. నేను బస్సెక్కి బందరు వచ్చేదాకా నాకు ఒకటే ఆలోచన. చనిపోయిన పిల్ల పుట్టినరోజుతో బతుకుతున్న ఆవిడ మరి ఎవరు?

క్యాంపు ముగించి సామాను సర్దుకుంటున్నాం. ఫొటోగ్రాఫరు గారు పుస్తకం పెట్టెలో పెట్టబోతూ, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పేజీలు వాల్చి చూశారు. వాల్చారు, ఎత్తారు, మళ్లీ వాల్చారు.

"మేడమ్, ఒకసారి ఇలా రండి. ఆరు మెరుస్తున్నాయి. ఏడోది మెరవట్లేదు."

హరిదళాన్ని ఎంత నూరినా అభ్రకంలా సన్నటి మెరుపు మిగులుతుంది. ఆరు మచ్చలూ ఎండలో బంగారు పొడిలా ఉన్నాయి. ఏడోది గోడకి కొట్టిన సున్నంలా చప్పగా ఉంది. మూడు వారాలు ఆ పుస్తకం నా ముందే ఉంది. నేను చూడలేదు. ఆయన రోల్డుగోల్డు కన్ను చూసింది.

సర్దిన పరికరం మళ్లీ విప్పాను. ఏడో మచ్చ మీద పెట్టాను. పాషాణం లేదు. గంధకం లేదు. ఉన్నది తుత్తునాగం, అంటే జింకు, ఒక్కటే. అది కట్టుడు పళ్ల షాపులో ఉండే తెల్ల పొడి, పళ్లకి సిమెంటుగా వాడేది. దానికి రంగు రావడానికి వంటింటి పసుపు కలిపారు. బందరులో హరిదళం ఎక్కడ దొరుకుతుందో తెలియని మనిషి, చేతికందిన దానితో, ఇంట్లో కూర్చుని పూసింది. ఇది ముత్తాతల పద్ధతి కాదు. ఎవరో ఒక్కరు చేసిన పని.

హైదరాబాదుకి ఫోన్ చేసి బల్బు తెప్పించాను. అది వచ్చేదాకా రెండు రోజులు, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని డైరెక్టరు గారికి ఎలా రాయాలో రాసి చింపుతూ కూర్చున్నాను. మూడోరోజు మధ్యాహ్నం కిటికీలకి నల్లబట్ట కట్టి దీపం వేశాం.

జింకు ఆ వెలుగులో వెలుగుతుంది. నాకు తెలుసు, పుస్తకాల్లో చదివిందే, ఎన్నోసార్లు చూసిందే. అయినా ఆ చీకటి గదిలో కాగితం మీద ఆ మచ్చ ఒక్కటే పచ్చగా, లోపల్నించి ఊపిరి పీలుస్తున్నట్టు వెలిగేసరికి నేను దీపం ఒక అడుగు వెనక్కి జరిపాను. పక్కన బల్ల మీద దవడలు కూడా నీలంగా కనపడుతున్నాయి. పచ్చటి మచ్చ మధ్యలో రెండు నల్లటి అక్షరాలున్నాయి. నీలం పెన్నుతో రాసినవి. సిరా వెలిసిపోయి పగటి వెలుతురులో ఏమీ కనపడనివి. పరారుణ కెమెరా చూడలేనివి.

ఫొటోగ్రాఫరు గారు ఫొటో తీశారు. ప్రొఫెసరుగారికి పంపాం. ఆవిడ కాసేపటికి ఫోన్ చేశారు. ఆ రెండక్షరాలకి ఒకటే అర్థమట.

తిరిగి వచ్చింది.

ఆ మాట వినగానే ఫొటోగ్రాఫరు గారు కిటికీలకి కట్టిన బట్టలు ఒక్కొక్కటే విప్పేశారు. నేనూ వద్దనలేదు.

ఆ ఫొటోని కలకత్తాలో పెద్దాయనకి ప్రొఫెసరుగారి ద్వారా పంపాం, మాకు తెలిసింది ఇంతే, మిగతాది మీకే తెలియాలి అని. పది రోజులకి జవాబొచ్చింది. వస్తున్నాను, ఆ దీపం కింద నేను చూడాలి అని. నర్సమ్మ గారికి నేనే కబురు చేశాను. నా రిపోర్టు తప్పని ముందు చెప్పాను. పూర్తిగా తప్పు కాదు, సగం చదివి చెప్పానని చెప్పాను. ఆవిడ, సగం చదవడం నర్సులకి బాగా తెలుసండీ, వార్డులో మనుషుల్ని చంపేది అదే అన్నారు. వస్తానన్నారు.

ఆ రోజు ఆ గదిలో నలుగురం. పెద్దాయనకి డెబ్బై పైనే. పొట్టి మనిషి, చేతికర్ర. వస్తూనే మాకు నమస్కారం పెట్టి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టారు. అది ముసలివాళ్ల తెలుగు కాదు. పద్నాలుగేళ్లకి ఈ ఊరు వదిలేసినప్పుడు ఏ తెలుగు నోట్లో ఉందో అదే, ఒక్క మాట పెరగలేదు. ముడతలు పడ్డ ముఖంలోంచి బందరు వీధుల్లో గోళీలాడే పిల్లాడు మాట్లాడుతున్నట్టుంది.

నర్సమ్మ గారి వైపు ఆయన చూడలేదు. ముందు దవడల బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరూ చూపించకుండానే ఆ చిన్న దవడ చేతిలోకి తీసుకున్నారు.

"ఇది మా చెల్లి. చచ్చిపోయినరోజు మా నాన్న తీశాడు. ఫొటో లేదని."

దీపం వేశాను. మచ్చ పచ్చగా వెలిగింది. ఆయన వంగి ఆ రెండక్షరాలూ చూశారు. అమ్మ రాతే అన్నారు. తర్వాత ఆ వెలుగు మీదనుంచి కళ్లు తిప్పకుండా చెప్పారు.

చెల్లెలు పోయాక తల్లి అన్నం మానేసిందట. మూడు నాలుగు నెలలకి పెద్ద గాలివాన వచ్చి దివిసీమ వైపు లంకలు మునిగాయి. పడవల మీద ఎక్కించి తెచ్చిన జనాన్ని బందరు ఆస్పత్రిలో పెట్టారు. వాళ్లలో ఒక ఆడపిల్ల ఉంది, మూడేళ్లుంటాయి. ఎవరూ నా పిల్ల అని రాలేదు. తల్లి చూడటానికి వెళ్లి ఎత్తుకొచ్చేసింది. చచ్చిపోయిన చెల్లెలి గౌను తొడిగింది. ఆ పేరే పెట్టింది. కొడుకులిద్దర్నీ పిలిచి, చెల్లి వచ్చిందని చెప్పింది.

"నాకు భయమేసేదండీ. మా చెల్లి పింగాణీ గిన్నె అమ్మ పై అరలో దాచేసింది. ఈ పిల్ల వచ్చిన రోజే ఎవరూ చెప్పకుండా ఆ అర కింద నిలబడి చెయ్యి చాపింది. ఒట్టు. నేను పక్కన కూర్చుని అన్నం తినేవాణ్ణి కాదు. మూడేళ్లు తినలేదు."

నర్సమ్మ గారు అప్పటిదాకా గోడవార కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఆయన చెప్పిన దివిసీమ, పడవలు, లంకలు, ఏదీ ఆవిడ ముఖంలో మార్పు తేలేదు. లేచి దగ్గరికి వచ్చారు.

"ఒక మాట ఉందండీ నా దగ్గర. దాని అర్థం నాకు తెలీదు. స్టేషన్లో రైలెక్కేటప్పుడు ఎవరో అన్నారు. మీ భాష నాకు మొత్తం పోయింది, ఇదొక్కటి పోలేదు. ఒక్కోసారి వార్డులో నిద్రలో అంటుంటానని తోటి నర్సులు చెప్పేవాళ్లు."

అని ఆ మాట అన్నారు. నాలుగైదు శబ్దాలు, ఒక వాక్యం అంత ఉంటుంది. ఆవిడ గొంతు కూడా మారింది, సన్నగా, మగపిల్లాడి గొంతులా.

పెద్దాయన బల్ల పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు గారు వెనకనుంచి కుర్చీ జరిపారు. కూర్చోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"అది నేనే అన్నాను" అన్నారు. "ఆఫీసరు పిల్లలెంతమంది అని అడిగాడు. అమ్మ ముగ్గురంది. నేను అన్నాను, ఇది మాది కాదు, మాది చచ్చిపోయింది అని. మొదట మా భాషలో అన్నాను. మళ్లీ తెలుగులో అన్నాను. అప్పుడు నిన్ను దింపేశారు."

మీరు అనకుండా ఒక్కసారిగా నువ్వులోకి దిగిపోయారని ఆయనకి తెలిసినట్టు లేదు. నర్సమ్మ గారు అడిగారు.

"మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లారు?"

క్యాంపుకి అన్నారాయన. చైనావాళ్లని ముళ్లకంచె వెనక బంధించి ఉంచిన క్యాంపు. తమ్ముడు, అమ్మ అక్కడే పోయారు. అమ్మ పోయేదాకా తనతో మాట్లాడలేదట. అరవై ఏళ్లుగా ఆయనకి తేలని లెక్క ఇదే. ఆ మాటతో పిల్లని వదిలేశాడా, కాపాడాడా? నిజం చెప్పానండీ, అబద్ధం ఆడలేదండీ అని పిల్లాడి తెలుగులో మళ్లీ మళ్లీ అన్నారు. నిజమే, ఆయన అబద్ధం ఆడలేదు. నా మొదటి రిపోర్టులో ఆ తొమ్మిది అక్షరాల దగ్గర కూడా ఒక్క అబద్ధం లేదు.

కాసేపయ్యాక ఆయన నన్ను అడిగారు, ఈ పసుపు తీసెయ్యొచ్చా అని. తీసెయ్యొచ్చు. దూది, కాస్త నీళ్లు, పది నిమిషాల పని. కింద రాసింది మామూలు కంటికే కనపడుతుంది. చనిపోయిన పిల్లకి తన చావు దక్కుతుందని ఆయన ఉద్దేశం. నేను రూల్సు చెప్పబోతున్నాను.

"ఉండనివ్వండి" అన్నారు నర్సమ్మ గారు. "అమ్మ పూసింది కదా."

నేను దీపం ఆర్పి పుస్తకం మూసేశాను. రెండో రిపోర్టు ఆ సాయంత్రమే రాశాను. కిందిది ఉంది, పైది ఉంది, మధ్యలో జింకు, వంటింటి పసుపు. ఏది నిజమో తేల్చే పరికరం మా దగ్గర లేదని రాయలేదు కానీ, రాయాలనిపించింది. పిల్లలూ, మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు మూడు చూసి ఏడని రాస్తారు. అప్పుడు మీ పక్కన కిటికీ దగ్గర పేజీ వాల్చి చూసే మనిషి ఒకరుండాలని కోరుకోండి.

రిపోర్టుకి ముందు ఇంకొకటి జరిగింది. అది అందులో రాయడానికి వీల్లేనిది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చెల్లెల్ని పూడ్చిన చోటు చూడాలన్నారు పెద్దాయన. నర్సమ్మ గారు తనూ వస్తానన్నారు. సముద్రం వైపు దారిలో, ఇసుక కలిసిన నేలలో పాత శ్మశానం అది. ఇప్పుడంతా సర్కారు తుమ్మ. ఎండ ఇంకా ఉంది. ఆయన చేతికర్రతో ముళ్లు పక్కకి తోసుకుంటూ అటూ ఇటూ తిరిగారు. రాయి లేదు, దిబ్బ లేదు. ఎన్ని తుఫాన్లు వచ్చి వెళ్లాయో. చివరికి కూలిన ప్రహరీ పక్కన ఒకచోట ఆగి, ఇక్కడే, ఇక్కడే అనుకుంటా అన్నారు. నేనూ ఫొటోగ్రాఫరు గారూ కాస్త దూరంగా నిలబడ్డాం. నర్సమ్మ గారు ఆయన వెనకే, చీర కొంగు ముళ్లకి తగలకుండా పట్టుకుని నిలబడ్డారు.

అమ్మ ఇక్కడికొస్తే ముందు పేరు పెట్టి పిలిచేది అన్నారాయన. కర్ర పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, ఆ మట్టి వైపు చూస్తూ పిలిచారు. గట్టిగా కాదు. వీధిలో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు. అరవై ఏళ్లుగా ఆ పేరు ఎవరి నోటా వచ్చి ఉండదు.

"ఆఁ" అన్నారు నర్సమ్మ గారు.

అనేశాక ఆవిడే ఉలిక్కిపడి నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. తను పలుకుతానని ఆవిడకే తెలియదు. పెద్దాయన వెనక్కి తిరిగి చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూశారు. మళ్లీ ఆ మట్టి వైపు తిరగలేదు. ఆవిడనే చూస్తూ, ఆ పేరే ఇంకొకసారి పిలిచారు.